గంగరాజు లైసెన్సు, బండి కింద పెట్టె

విశాఖపట్నంలో లారీ నడపాలంటే డ్రైవరుకి లైసెన్సు ఉండాలి. కానీ అది డ్రైవరు దగ్గర ఉండకూడదు, ఓనరు సొరుగులో ఉండాలి. ఈ రెండో నిబంధన ఏ చట్టంలోనూ లేదు గానీ, మొదటిదానికన్నా గట్టిగా అమలయ్యేది ఇదే. పోలీసు ఆపితే ఫోనులో బొమ్మ చూపిస్తే సరిపోతుంది. ఓనరుకి సరిపోదు. ఫోనులో బొమ్మని సొరుగులో పెట్టి తాళం వేయడం కుదరదు కదా.

గంగరాజు లైసెన్సు పంతొమ్మిదేళ్లలో నాలుగు సొరుగులు చూసింది. నాలుగోది గాజువాకలో దేవీప్రసాద్ ఆఫీసు సొరుగు. అదే సొరుగులో నూకాలు అనే పాత డ్రైవరు లైసెన్సు కూడా ఉందని, ఆ నూకాలు చనిపోయి రెండేళ్లయిందని గంగరాజుకి పనిలో చేరిన రోజే తెలిసింది. "ఆల ఇంటోలు వచ్చి అడగనేదు, నాను పారేయనేదు" అన్నాడు దేవీప్రసాద్. మంచి మాటే.

గంగరాజుది పద్మనాభం మండలంలో చిన్న ఊరు. ఎనభై సెంట్ల వరి పొలం. ఆ పొలం ఇంట్లో నలుగురికి ఐదు నెలలు అన్నం పెడుతుంది. మిగతా ఏడు నెలల కోసం గంగరాజు స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకున్నాక తెలిసిందేమిటంటే, స్టీరింగు పన్నెండు నెలలూ పట్టుకోవాలి, పొలం రాణి చూసుకోవాలి. రాణి అతని భార్య. నాట్లు వేయించడం, కలుపు తీయడం, మందు కొట్టడం, యూరియా కోసం లైన్లో నిలబడడం ఆమె పని. పోర్టు నుంచి బొగ్గు తోలడం ఇతని పని. శనివారం సాయంత్రం మద్దిలపాలెంలో బస్సెక్కి ఊరెళ్తాడు, సోమవారం తెల్లారేసరికి బండి దగ్గరుంటాడు. స్నానం చేశాక కూడా చెవుల్లో బొగ్గు ఉంటుంది. రాణి పుల్లకి గుడ్డ చుట్టి తీస్తుంది. పెళ్లయిన పదహారేళ్లలో వాళ్లిద్దరూ తీరిగ్గా మాట్లాడుకున్నదంతా ఆ చెవుల దగ్గరే.

దేవీప్రసాద్‌కి మూడు టిప్పర్లు. గంగరాజు నడిపేది కొత్తది. ఈ కొత్త బళ్లకి అడుగున, వెనకటికి సైలెన్సరు ఉండే చోట, ఓ పెద్ద స్టీలు పెట్టె ఉంటుంది. లోపల తేనెపట్టులాగా సన్నటి బెజ్జాలున్న దిమ్మ. ఇంజను వదిలిన పొగ మీద యూరియా నీళ్లు చిలకరిస్తే, ఆ దిమ్మలోంచి పోయేటప్పుడు పొగలోని విషం చాలామటుకు విరిగిపోతుంది. షోరూము వాళ్లు దాన్ని క్యాటలిటిక్ కన్వర్టరు అంటారు. ఆటోనగర్లో పెట్టె అంటారు. లారీ మొత్తంలో రోడ్డు పక్క మనుషుల ఊపిరితిత్తుల కోసం పెట్టిన సామాను అదొక్కటే. బొగ్గు మోయడానికి గానీ, బండి లాగడానికి గానీ దానితో పని లేదు. అందుచేత ఓనర్లకి దాని మీద మొదటినుంచీ ప్రేమ లేదు.

యూరియా నీళ్లు బంకుల్లో బకెట్ల లెక్కన అమ్ముతారు. ఆగస్టులో ఒకరోజు దేవీప్రసాద్ టీ కొట్టు దగ్గర గంగరాజుని పక్కకి పిలిచాడు.

"ఏటి గంగరాజూ, నెలకి ఐదువేలు పొగకి పోత్తన్నాం. డీజిలంటే అర్థముంది. నీళ్లకేటి?"

"పొయ్యకపోతే లైటెలిగిపోతాది బాబూ. బండి లాగదు."

"పొయ్యొద్దని ఎవులన్నారు? అందులో ఉన్నాది యూరియాయే కదా. అచ్యుతాపురంలో ఓనరొకాయన బళ్లన్నిటికీ పొలం యూరియాయే కలిపి పోత్తన్నాడు. ఏడాదయింది, ఏటీ అవనేదు. మీ ఇంటికాడ బస్తా ఉంటాది. అరబస్తా అట్టుకొచ్చీ."

"ఈ ఏడు బస్తా దొరకడమే కట్టంగా ఉన్నాది బాబూ."

"దొరికింది కదా?"

దొరికింది. దానికి రాణి రెండు రోజులు లైన్లో ఉంది. మొదటి రోజు ఆమె చెప్పులు నిలబడ్డాయి, ఆమె నీడన కూర్చుంది. రెండో రోజు చెప్పుల్ని ఎవరో జరిపేశారు కాబట్టి ఆమే నిలబడింది. ఒక పొలం పాసుపుస్తకానికి ఒక బస్తా. మూడింటికి ఆమె వంతు వచ్చింది, నాలుగింటికి బస్తాలైపోయాయి.

శనివారం గంగరాజు ఆ బస్తా మూతి విప్పుతుంటే రాణి గుమ్మంలోంచి చూసింది.

"ఏటి సేత్తన్నావ్?"

"అరబస్తా బాబుకి కావాలట. మళ్లీ కొనిచ్చీత్తానన్నాడు."

దేవీప్రసాద్ ఆ మాట అనలేదు. గంగరాజే అన్నాడు.

"బాబుకి పొలమెక్కడుంది?"

"పొలానికి కాదు. లారీకి."

రాణి గుమ్మం దిగి బస్తా దగ్గరికొచ్చింది. "మన వరి ఇప్పుడే పిలకలేత్తంది. లారీకేటి, అదీ పిలకలేత్తాదా?"

గంగరాజు అరబస్తా కట్టుకుని ఆదివారం రాత్రి బస్సెక్కాడు.

కలపడంలో మాత్రం అతను ఏ లోపమూ చేయలేదు. ఆదివారాలు పంటకి మందు కలిపే చేతులు. ఇరవై లీటర్ల నీళ్లకి పది కిలోలు, వేపకర్రతో అరగంట తిప్పి, రాణి పాత చీర రెండు మడతలేసి వడగట్టాడు. స్ప్రేయరు ముక్కు పూడిపోతుందేమోనని పొలంలో ఎంత జాగ్రత్త పడతాడో అంతా పడ్డాడు. పొలం యూరియా గింజలకి వేపనూనె పూత ఉంటుంది. చీర మట్టిని ఆపుతుంది గానీ నూనెని ఆపదు. ఈ సంగతి అతనికి తెలియక కాదు. వేపపూత అని బస్తా మీదే రాసి ఉంది. వరికి మేలు చేసేది లారీకి కీడు చేస్తుందని ఎందుకనుకుంటాడు? ఆ పూత వల్లే పొలంలో మందు వృథా పోదని వ్యవసాయం వాళ్లు మీటింగు పెట్టి మరీ చెప్పారు.

పోర్టు గేటు దగ్గర లైన్లో అతను ట్యాంకు మూత తీస్తే వేప వాసన గుప్పుమనేది.

"ఏటి బావా, నీ బండికి పేలు పడ్డాయేటి?" అనేవారు వెనక బండివాళ్లు.

పంతొమ్మిదో రోజు షీలానగర్ దాటాక, నిండా బొగ్గుతో ఉన్న టిప్పరు లాగడం మానేసింది. పసుపు లైటు వెలిగింది, తర్వాత ఎర్ర లైటు వెలిగింది. ఎంత తొక్కినా ఇరవై దాటలేదు. ఒక సైకిలువాడు దాటిపోయాడు. దాటాక వెనక్కి తిరిగి చూశాడు. అదే బాధ అనిపించింది గంగరాజుకి.

ఆటోనగర్లో అర్జునరావు అనే మెకానిక్కు బండి కింద దూరి పెట్టె విప్పాడు. అర్జునరావు గంగరాజుకి ఏ వరసా కాడు గానీ, అక్కడ అందరికీ అందరూ బావలే.

"లోపల ఉప్పుమడిలాగుంది బావా. రాయైపోయింది. ఏటి పోసినావ్?"

గంగరాజు చెప్పాడు. అర్జునరావు పక్కనే నిలబడ్డ దేవీప్రసాద్ వంక చూశాడు. దేవీప్రసాద్ ఫోను వంక చూసుకున్నాడు.

షోరూములో కొత్త పెట్టె రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు అన్నారు. గంగరాజు జీతం నెలకి పద్దెనిమిది వేలు. ఆ సాయంత్రం ఆఫీసులో దేవీప్రసాద్ ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి వేశాడు.

"మీరే కదా బాబూ పొలం యూరియా పొయ్యమన్నారు."

"అన్నాను. కలిపిందెవుడు? అచ్యుతాపురం డ్రైవర్లు కలిపితే ఏటీ అవనేదు. నువ్వు కలిపితే అయింది. అంటే లోటు యూరియాలో నేదు, నీ కలపడంలో ఉన్నాది."

పంతొమ్మిదేళ్లుగా ఇలాంటి మాటలకి గంగరాజుకి జవాబు మర్నాడు బండి నడుపుతుంటే తోస్తుంది. ఈసారి మర్నాడు నడపడానికి బండి లేదు.

"కొత్త పెట్టె తెప్పిత్తన్నాను. దాని ఖరీదు నువ్వు కట్టాల. పాత పెట్టె అట్టుకెళ్లి అమ్ముకో. అందులో ప్లాటినం ఉంటాదట, యూట్యూబులో సూసినాను. లచ్చ దాకా వత్తాది. అది తెచ్చిచ్చీ, మిగతాది నెలనెలా కట్టీ. కట్టడం అయినాక లైసెన్సు అట్టుకెళ్దువు."

సొరుగు మూసిన చప్పుడు గంగరాజుకి స్పష్టంగా వినపడింది.

మర్నాడు బండి రోడ్డెక్కింది. పెట్టె వచ్చేదాకా అని చెప్పి అర్జునరావు చేత ఖాళీ గొట్టం వేయించారు. గంగరాజుని మానిపించి వేరే డ్రైవర్ని పెట్టారు. గంగరాజు ఆ వారంలో ముగ్గురు ఓనర్ల దగ్గరికి వెళ్లాడు. ముగ్గురూ అతని పని తెలిసినవాళ్లే, కూర్చోబెట్టి టీ ఇప్పించినవాళ్లే. టీ అయ్యాక ముగ్గురూ ఒకే మాట అడిగారు. "ఒరిజినలు తెచ్చినావా?"

ఇక మిగిలింది పెట్టె.

ఆటోనగర్ చివర తుక్కు కొట్టులో పాపాయమ్మ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. కొట్టు ఆమెది కాదు. కానీ ఏ సామాను వచ్చినా కొట్టు యజమాని ముందు ఆమె మొహం చూసి తర్వాత రేటు చెబుతాడు. నడుముకి తాడుతో అయస్కాంతం కట్టుకుని ఉంటుంది. గంగరాజు ఆటోలోంచి పెట్టె దింపుతుంటే ఆమె లేవకుండానే చూసింది.

"ప్లాటినం ఉన్నాదట అప్పా."

"ఎవులన్నారు?"

"మా ఓనరు. యూట్యూబులో సూసినాడట."

"అయితే యూట్యూబుకే అమ్మమను."

ఆమె లేచి అయస్కాంతం ఆనించింది. అది టక్కున అతుక్కుంది. ఆమె పెదవి విరిచింది.

"ప్లాటినం ఉండేది కార్లకి బాబూ. లారీకి ముందు ఇంకో సిన్న డబ్బా ఉంటాది, అందులో కాసింత ఉంటాది. అది నీకియ్యనేదు. ఇది యూరియా డబ్బా. దీన్లో ఉన్నాది మట్టి. నమ్మవా? ఉండు."

కొంగు ముక్కుకి చుట్టుకుని, అతన్ని దూరంగా జరగమని, ఒక పక్క మూత కోయించి ఉలితో దిమ్మ పగలగొట్టింది. తెల్లటి ఉప్పు కట్టిన ముక్కలు రాలిపడ్డాయి. ఇంకా వేప వాసన వేస్తోంది. కాటా మీద ఖాళీ పెట్టె ఇరవై ఎనిమిది కిలోలు తూగింది. కిలో ముప్ఫై ఎనిమిది.

"వెయ్యిన్నీ అరవై నాలుగు," అంది పాపాయమ్మ. "కొత్తదెంతట?"

"రెండు లచ్చల ముప్ఫై ఎనిమిది వేలు."

"అలగే ఉంటాది. నన్ను మళ్లీ కొత్తగా తేవాలంటే ఎంతవుతాదో ఈ కొట్టోడికి తెలీదు. తుక్కుకేత్తే ఎంతొత్తాదో మాత్రం తెలుసు. అమ్మీత్తావా?"

గంగరాజు ఆలోచించాడు. వెయ్యి రూపాయలు తీసుకెళ్లి ఇస్తే, మిగతా లక్ష ఎక్కడ దాచావంటాడు దేవీప్రసాద్. పెట్టె కనపడుతుంటే కనీసం పెట్టె ఉందనైనా అంటాడు.

"ఒద్దప్పా. ఇంటికి అట్టుకుపోతాను."

"మంచిదే. ఆడోలు దేనికో ఓదానికి వాడతారు," అంది ఆమె.

మద్దిలపాలెంలో కండక్టరు పెట్టెని, గంగరాజుని మార్చి మార్చి చూశాడు.

"ఏటిది?"

"లారీ సామాను."

"లారీ సామాను లారీలో అట్టుకెళ్లాల గానీ బస్సులోనేటి?" అని లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

రాణి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. "అరబస్తా ఏది?" అని అడిగింది. అప్పటికి వాళ్ల మడిలో సగం ముదురాకుపచ్చ, సగం పసుపు. మధ్యలో తాడు పట్టి కొట్టినట్టు గీత. రోడ్డు మీద పోయేవాళ్లు బస్సులోంచి కూడా చూడొచ్చు. గంగరాజు ఆ రాత్రి జరిగిందంతా చెప్పాడు, దేవీప్రసాద్ కొనిస్తానన్న మాట తన కల్పనేనని కూడా చెప్పాడు. చెవుల్లో తీయడానికి ఈసారి బొగ్గు లేదు. అయినా రాణి పుల్లకి గుడ్డ చుట్టుకుని కూర్చుంది.

పెట్టె వారం రోజులు పెరట్లో ఊరికే పడి ఉంది. ఆ తర్వాత రాణి దాన్ని కడిగి, ఎండబెట్టి, గడ్డి వేసి, అందులో పదకొండు గుడ్లు పెట్టి పెట్టకోడిని కూర్చోబెట్టింది. నేల తడి అంటదు, ముంగిస దూరదు. కోడికి నచ్చింది.

కోడి కూర్చున్న పదకొండో రోజు అర్జునరావు ఫోను చేశాడు.

"పెట్టె అమ్మీసినావా బావా?"

"నేదు. ఏం?"

"ఎల్లుండి ఆర్టీవో ఆఫీసులో బండికి ఫిట్‌నెస్సు. పెట్టె కనపడకపోతే లోపలికే రానివ్వరట. మీ ఓనరు ఆ పాత డొక్కే బిగించీమంటన్నాడు."

"కొత్తది తెప్పిత్తన్నాడు కదా?"

అవతల అర్జునరావు ఎవరితోనో పానా అందించమన్నాడు. తర్వాత అన్నాడు. "తెప్పించడమేటి బావా? గొట్టమేసిన రోజే సెప్పినాడు నాకు, ఇంక కొత్తది కొనేది నేదని. ఇప్పుడు ఇంకో పాత డొక్కు బెజవాడ నుంచి తేవాలంటే అరవై వేలు. అందుకని నిన్నడగమన్నాడు. ఉంటే రేపు తనే వచ్చి అట్టుకెళ్తాడట. నాను సెప్పినట్టు సెప్పకు."

ఫోను పెట్టేశాక గంగరాజు అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎప్పటికీ కొనని సామాను ఖరీదుకి అతను పదమూడు నెలల జీతం కట్టాలి. ఈ లెక్క అర్థమవడానికి అతనికి మర్నాటిదాకా పట్టలేదు. రాణికి చెప్పాడు.

"అయితే రానీ," అంది రాణి.

మర్నాడు మధ్యాహ్నం దేవీప్రసాద్ కారులో వచ్చాడు. పెరట్లోకి వెళ్లి పెట్టెలోకి వంగి చూశాడు. పెట్టెలోంచి కోడి అతన్ని చూసింది.

"ఇందులో కోడేటి?"

"పొదుగుతంది బాబూ," అంది రాణి. "ఇయాల్టికి పన్నెండు రోజులు. ఇంకో తొమ్మిది రోజులాగాల."

"రేపు నా బండికి ఫిట్‌నెస్సమ్మా."

"దానికి సెప్పినా ఇనదు బాబూ."

"తీసి బుట్టలో పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు. కదిపితే కొన్ని కోళ్లు మళ్లీ కూకోవు. గుడ్లన్నీ మురిగిపోతాయి. ఎవులు పూచీ?"

"పదకొండు గుడ్లే కదా. డబ్బులిచ్చీత్తాను."

"గుడ్ల రేటెలాగ బాబూ? అవి కోళ్లవుతాయి. పాడైందానికి కొత్తదాని ఖరీదు కట్టాలని మీరే సెప్పినారట కదా. పదకొండు కొత్త కోళ్ల రేటెయ్యాల."

గంగరాజు గోడకేసి తిరిగి గోడ చూస్తున్నాడు. దేవీప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు.

"ఇప్పుడేటంటావమ్మా?"

"లైసెన్సు ఇచ్చీయండి. రెండు లచ్చల మాట మళ్లీ ఎత్తకండి. మా అరబస్తా యూరియా మాకు తెచ్చీయండి."

"యూరియా నాకెక్కడ దొరుకుతాది? నాకు పాసుబుక్కు నేదు కదా."

"అదే బాబూ. పాసుబుక్కు నేని బండికి యూరియా ఎలగడిగినారా అని నాకూ అర్థం కానేదు. లైన్లో నిలబడండి. సెప్పులు నిలబెట్టినా పర్లేదు, ఒకరోజుకి పనికొత్తాయి."

లైసెన్సు గాజువాకలో ఉంది. దేవీప్రసాద్ ఆఫీసు గుమస్తాకి ఫోను చేసి, సొరుగు తాళం ఎక్కడుందో చెప్పి, బండేసుకుని రమ్మన్నాడు. అప్పుడు గంగరాజు గోడ వైపు నుంచి తిరిగాడు.

"నూకాలుది కూడా తెమ్మనండి బాబూ."

"ఏ నూకాలు?"

"సొరుగులో ఉన్నాడు కదా. ఆడు."

దేవీప్రసాద్ మళ్లీ ఫోను తీసి, "రెండూ అట్టుకురా" అన్నాడు.

గుమస్తా వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా రాణి దేవీప్రసాద్‌కి రెండుసార్లు టీ ఇచ్చింది. అతను అరుగు మీద కూర్చుని పొలం వైపు చూస్తూ, "ఆ మడి సగం అలగుందేటి?" అని అడిగాడు. రాణి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

రెండు కార్డులూ చేతికొచ్చాక రాణి కోడిని రెండు చేతులతో ఎత్తి బుట్టలోకి మార్చింది. గుమస్తా, గంగరాజు కలిసి పెట్టెని కారు డిక్కీలో పెట్టారు. లోపల గడ్డి అలాగే ఉంది. కోడి సాయంత్రం దాకా బుట్ట చుట్టూ తిరిగి, దీపాలవేళకి కూర్చుంది. తొమ్మిది రోజులకి ఏడు పిల్లలు. అరబస్తా మాత్రం ఇప్పటికీ రాలేదు.

పెట్టె ఇప్పుడు ఆ టిప్పరు కిందే ఉంది. లోపల ఏమీ లేదు. షీలానగర్ మేడల మీద ఆరేసిన బట్టల మీదుగా ఆ పొగ పోతూనే ఉంది. తను ఇచ్చిన డొక్కుతోనే ఆ బండి తిరుగుతోందని గంగరాజుకి తెలుసు. అది ఎదురైతే కిటికీ అద్దం ఎత్తుకుంటాడు. అంతకన్నా గొప్పగా ఏమీ చేయలేదు, చేశానని చెప్పుకోడు కూడా.

నూకాలు తల్లి పెందుర్తి దగ్గర ఉంటోంది. గంగరాజు వెతుక్కుంటూ వెళ్లి కార్డు ఇచ్చాడు. ఆమె బొమ్మ చూసి, కొంగుతో తుడిచి, "దీనికేటైనా కట్టాలా బాబూ?" అని అడిగింది. ఏమీ కట్టక్కర్లేదని చెప్పి అతను బస్సెక్కాడు.

ఆ తర్వాతి సోమవారం ఆటోనగర్లో ఇంకో ఓనరు, ఇంకో టీ. గంగరాజు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

"ఇది జెరాక్సు. ఒరిజినలేది?"

"ఇంట్లో ఉందండి. మా ఆడమనిషి పాసుపుస్తకంతో కలిపి పెట్టీసింది."

"తెచ్చిచ్చీ. ఇక్కడుంటాది, భద్రంగా."

"నానడిగితే ఇవ్వదండి," అన్నాడు గంగరాజు. "పద్మనాభం బస్సెక్కండి. దిగాక, కోళ్లున్న ఇల్లు ఏదని అడిగితే ఎవులైనా సెప్తారు. మీరే అడగండి."

ఓనరు జెరాక్సు ఒకసారి ఎత్తి వెలుగులో చూశాడు. మడతపెట్టి సొరుగులో వేశాడు. తర్వాత గోడకున్న మేకు మీంచి బండి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.